ఆతే వంటింట్లో నేను విరిచిన పన్సిత్

ఇరవై నాలుగేళ్ళ వయసులో నాకు తెలియని విషయమంటూ ఈ భూమ్మీద లేదు. తెలియనివన్నీ ఆ తర్వాతే ఒక్కొక్కటిగా పోగయ్యాయి. ఆ రోజుల్లో నేను రియాద్‌లో ఒక ఆసుపత్రిలో నర్సుని. నరసాపురం పక్క పల్లెటూరి నుంచి వచ్చి రెండేళ్ళయింది. మెడలో ఐడీ కార్డు, నోట్లో ఒక సలహా ఎప్పుడూ సిద్ధంగా ఉండేవి. అడిగినవాళ్ళకి సలహా ఇచ్చేదాన్ని, అడగనివాళ్ళకి ఇంకాస్త ఎక్కువ ఇచ్చేదాన్ని. హాస్టల్లో నా గదిలోనే ఉండే పాలకొల్లు పెద్దక్క (నాకు చుట్టరికమేమీ కాదు, ఉద్యోగంలో పదేళ్ళు సీనియరు, అంతే) నన్ను "కలెక్టరుగారు" అని పిలిచేది. అది మెచ్చుకోలు అనుకుని చాలాకాలం మురిసిపోయాను.

మా వార్డులో ఫిలిప్పీన్స్ ఆవిడ ఒకరుండేవారు. అందరం ఆవిడని ఆతే అనేవాళ్ళం. వాళ్ళ భాషలో అక్క అని అర్థం. ఆవిడ భర్త కూయా, అంటే అన్నయ్య. నేను కొత్తగా చేరిన రోజుల్లో ఒక ముసలాయన చేతికి సూది గుచ్చడానికి నరం దొరక్క చెమటలు కక్కుతుంటే, ఆతే వెనక నిలబడి ఎవరికీ వినబడకుండా "మెల్లగా, మెల్లగా, అదెక్కడికీ పారిపోదు" అంది. అప్పట్నుంచి ఆవిడంటే నాకు ప్రాణం. శుక్రవారం సెలవు దొరికితే చాలు, వాళ్ళ ఫ్లాట్‌లో వాలిపోయేదాన్ని. పదేళ్ళ కూతురు, ఆరేళ్ళ కొడుకు, గోడ మీద ఏసుక్రీస్తు క్యాలెండరు, వంటింట్లో ఎప్పుడూ వెల్లుల్లి వేగుతున్న వాసన. మా ఇంట్లో ఉన్నట్టే ఉండేది.

అలాంటి ఇంటి మీద ఆ ఏడాది నితాకత్ వచ్చి పడింది. కంపెనీలో ఇంతమంది సౌదీవాళ్ళు ఉండి తీరాలి, లేకపోతే ఆ కంపెనీకి ఎర్ర రంగు పడుతుంది, ఎర్ర రంగు పడితే అందులో పనిచేసే బయటి దేశాలవాళ్ళ ఇకామాలు, అంటే ఇక్కడ ఉండటానికిచ్చే పర్మిట్లు, రెన్యువల్ కావు. కూయా పనిచేసే ప్రింటింగ్ ప్రెస్సుకి ఎర్ర రంగు పడింది. పిల్లలిద్దరూ ఆయన ఇకామా మీదే ఉన్నారు. అది చాలదన్నట్టు, కుటుంబాన్ని తెచ్చుకున్నవాళ్ళు తలకింత లెవీ కట్టాలన్న రూలు కూడా అప్పుడే మొదలైంది. మొత్తానికి జనవరి మొదటివారంలో కూయా, పిల్లలు ఫైనల్ ఎగ్జిట్ మీద, అంటే మళ్ళీ రాకుండా, దేశం వదిలి వెళ్ళిపోవాలి. ఆతే మాత్రం ఇక్కడే ఉండాలి. ఇకనుంచి నలుగురూ బతకాల్సింది ఆవిడ జీతం మీదే. ఫ్లాట్ ఖాళీ చేసి మా హాస్టల్‌కి, మా గదిలో ఖాళీగా ఉన్న మూడో మంచానికి వస్తోంది. ఈ సంగతులన్నీ ఆవిడ నాకు డ్యూటీలో, మందుల ట్రాలీ తోసుకుంటూ, వేరెవరి గురించో చెబుతున్నట్టు చెప్పింది. కళ్ళు కూడా చెమ్మగిల్లలేదు. అబ్బ, ఎంత గుండె ధైర్యం అనుకున్నాను.

నలుగురూ కలిసుండే ఆఖరి క్రిస్మస్ అదే కాబట్టి, తన పుట్టింట్లో ఎలా జరిగేదో అచ్చం అలాగే జరగాలని ఆతే పట్టుబట్టింది. పిల్లలకి గుర్తుండిపోవాలట. వాళ్ళలో క్రిస్మస్ విందు అర్ధరాత్రి చర్చి నుంచి వచ్చాక తింటారు. ఇక్కడ చర్చీ లేదు, ఇరవై నాలుగో తారీకున ఆవిడకి సెలవూ లేదు, కనక రెండు రోజుల ముందొచ్చిన శుక్రవారం సాయంత్రమే క్రిస్మస్ అని నిర్ణయించేశారు. క్రిస్మస్ చెట్టు బయటివాళ్ళ కంట పడకుండా పడకగదిలో పెట్టి పరదాలు లాగేశారు. పంది మాంసం ఈ దేశంలో దొరకదు కాబట్టి పందిని నిలువునా కాల్చే లెచోన్ బదులు రెండు కోళ్ళు, హామ్ బదులు టర్కీ. మిగతావన్నీ ఉండాల్సిందే. వేలంత సన్నగా చుట్టి వేయించిన లుంపియా, అరటాకులో కాల్చిన బిబింకా అనే బియ్యప్పిండి రొట్టె, ఎర్ర మైనం తొడుగుతో బంతిలా ఉండే చీజు, పాలు గుడ్లు కలిపిన లెచే ఫ్లాన్. అన్నిటికన్నా ముఖ్యం పన్సిత్, అంటే బియ్యపు నూడిల్స్‌లో కూరగాయలు, మాంసం ముక్కలు కలిపి చేసేది.

సాయానికి వస్తానని నేనే ఎగబడ్డాను. క్రిస్మస్ గురించి నాకొకరు చెప్పాలా? మా తాతయ్య సంఘపెద్ద. డిసెంబరు మొదలవగానే మా ఇంటిమీద నక్షత్రం వెలిగేది. పైగా హాస్టల్లో నా సేమ్యా ఉప్మాకి పేరుంది (ఆ పేరు పెట్టింది నేనే, కానీ ఎవరూ కాదనలేదు). శుక్రవారం మధ్యాహ్నం కల్లా అక్కడున్నాను. బిబింకా స్నేహితురాలి ఓవెన్లో కాలుతోంది, తెచ్చుకోవడానికి ఆతే, కూయా బయల్దేరారు. వెళుతూ వెళుతూ ఆతే మూడు ప్యాకెట్లు నా చేతిలో పెట్టి, "ఇవి నీళ్ళలో నానబెట్టు, అంతే. ఇంకేమీ చెయ్యొద్దు," అంది.

ప్యాకెట్ విప్పి చూద్దును కదా, బారెడు పొడుగున్న తెల్లటి సేమ్యా! నాకు నవ్వొచ్చింది. పాపం, వీళ్ళకి సేమ్యా వండటం ఎవరూ నేర్పలేదు. మా ఇంట్లో సేమ్యాని గోరంత ముక్కలుగా విరవకుండా పొయ్యి దగ్గరికి రానిచ్చేవారు కాదు. పొడుగ్గా ఉంటే నోట్లోంచి వేలాడి పెద్దలముందు పరువు పోతుందని మా అమ్మమ్మ చిన్నప్పుడే నా చేత విరిపించింది, ఆ పనిలో నాకు మంచి చెయ్యి. పైగా నానబెట్టడమేంటి, ముద్దయిపోదూ? మూడు ప్యాకెట్లూ తువ్వాల్లో మూటకట్టి, మోకాలి కింద పెట్టి నలిపి, మిగిలినవి చేత్తో ఏరేరి విరిచి, నెయ్యి లేదు కాబట్టి వెన్నలో దోరగా వేయించి బేసిన్లో పోశాను. వంటిల్లంతా కమ్మటి వాసన. ఆతే కూతురు గుమ్మంలో నిలబడి చూస్తోంది.

"ఆంటీ, మమ్మా ఇలా చెయ్యదు," అంది.

"మమ్మాకి టైముండదు కదమ్మా," అన్నాను దయతో.

ఆతే వచ్చింది. బిబింకా బల్ల మీద పెట్టి, బేసిన్లోకి తొంగిచూసింది. నేను మెచ్చుకోలు కోసం ఎదురుచూస్తున్నాను. ఆవిడ చేత్తో ఒక గుప్పెడు తీసింది, వేళ్ళ సందుల్లోంచి జారిపోతుంటే చూసింది, అక్కడే ఉన్న బియ్యం డబ్బా మీద కూలబడి ఏడవడం మొదలుపెట్టింది. మామూలు ఏడుపు కాదు. వెక్కి వెక్కి, ఊపిరాడనట్టు, వార్డులో మనిషి పోయినప్పుడు బంధువులు ఏడ్చినట్టు ఏడ్చింది. పిల్లలు బిత్తరపోయారు. కూయా ఆవిడ భుజం మీద చెయ్యి వేసి, నన్ను చూసి, ఎంతో మర్యాదగా చెప్పాడు. "పన్సిత్ ఎంత పొడుగుంటే బతుకు అంత పొడుగని మా నమ్మకం. ఒకే పళ్ళెంలోది తిన్నవాళ్ళు కలిసుంటారని ఆతే వాళ్ళమ్మ అనేది. దాన్ని ఎప్పుడూ కోయం. ఏం పరవాలేదు. నీకు తెలియదు కదా."

నాకు తెలియదు అన్న మాట నా జీవితంలో మొదటిసారి విన్నాను. నేల చీలి అందులోకి పోతే బావుండనిపించింది. బాత్రూములోకి వెళ్ళి పాలకొల్లు పెద్దక్కకి ఫోన్ చేశాను.

"ఏంటే, ఇరగ్గొట్టేసేవా? మూడు ప్యాకెట్లూనా?" అని అరిచింది. "ఒక్కటంటే ఒక్కటి కూడా మిగల్చలేదా? నానబెట్టమంటే నానబెట్టి ఊరుకోవచ్చు గదే! ఆళ్ళు రేప్పొద్దున ఇడిపోతంటే, నువ్వెళ్ళి ముందే ముక్కలు చేసొచ్చేవు."

"ఇప్పుడేం చెయ్యను అక్కా?"

"బత్హా ఎల్లు. ఫిలిప్పినో కొట్లన్నీ ఆడే ఉన్నాయి. కూకుని ఏడిస్తే నూడిల్స్ అతుక్కుంటాయేంటి?"

బట్టల మీద నల్లటి అబాయా తగిలించుకుని టాక్సీ ఎక్కాను. పాకిస్తానీ డ్రైవరు పెద్దాయన. "జల్దీ, భాయీ, జల్దీ," అంటుంటే అద్దంలో నన్ను చూసి, "హాస్పిటల్ జానా హై, బేటీ?" అన్నాడు. సేమ్యాకి అని చెప్పడానికి నోరు రాలేదు. బత్హాలో దిగి మొదటి కొట్టుకి పరిగెత్తాను, లేదన్నారు. రెండోదాన్లో నవ్వారు, క్రిస్మస్ వారంలో పన్సిత్ నూడిల్స్ అడుగుతున్నానట. మూడోదాన్లో అడుగుపెట్టానో లేదో అసర్ నమాజుకి పిలుపు వినబడింది, నమాజు వేళ ఇక్కడ కొట్లన్నీ మూసెయ్యాలి కాబట్టి, నా వెనకే షట్టరు దడదడమంటూ దిగింది. లైట్లు సగం ఆర్పేశారు. లోపల చిక్కుకున్నవాళ్ళం ఏడెనిమిది మందిమి, అందరూ ఫిలిప్పినో ఆడవాళ్ళు, నేను తప్ప. నూడిల్స్ అర దగ్గరికి వెళ్ళాను. బోసిగా ఉంది. ఆ పక్కనే నిలబడ్డ ఒక పెద్దావిడ బుట్టలో మాత్రం ఒక ప్యాకెట్ కనిపించింది.

సిగ్గు విడిచి అడిగేశాను. అడిగితే సరిపోయేది, కథంతా చెప్పాను. ఎర్ర రంగు, ఫైనల్ ఎగ్జిట్, తువ్వాలు, మోకాలు, వెన్న, అన్నీ. మోకాలు దగ్గరికొచ్చేసరికి ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. చివరికి, "వాళ్ళకి ఇదే ఆఖరి క్రిస్మస్ అండీ," అన్నాను.

ఆవిడ నవ్వు ఆపింది. "ఈ కొట్లో ఎవర్నడిగినా అదే చెబుతారమ్మా," అంది. "నా మొగుడు పోయిన నెల వెళ్ళాడు. నా పిల్లలు జూన్‌లో వెళ్ళారు." నేను వెళ్ళిపోబోయాను. ఆవిడ నా అబాయా అంచు పట్టుకుని ఆపింది. ఆ ప్యాకెట్‌లో నూడిల్స్ రెండు ఉండలుగా చుట్టి ఉన్నాయి. కొట్టువాడు వద్దు వద్దంటున్నా వినకుండా ప్యాకెట్ విప్పి, ఒక ఉండ చిక్కు పడకుండా రెండు చేతులతో ఎత్తి నాకిచ్చింది, పురిటిగదిలో బిడ్డని అందించినట్టు. "విరవకు," అంది.

టాక్సీలో ఆ ఉండని ఒళ్ళో పెట్టుకుని, స్పీడు బ్రేకర్ వచ్చినప్పుడల్లా "ఆహిస్తా, భాయీ, ఆహిస్తా," అంటూ వచ్చాను. డ్రైవరుకి నా మీద ఏ అభిప్రాయం కలిగిందో నాకు తెలియదు. ఫ్లాట్‌కి చేరేసరికి ఆతే మొహం కడుక్కుని, జుట్టు దువ్వుకుని, లుంపియా వేయిస్తోంది. చిత్రంగా, మధ్యాహ్నం కన్నా తేలిగ్గా ఉంది. ఒక ఉండ పన్సిత్ నలుగురికీ నాలుగు చారెళ్ళు వచ్చింది. నేను విరిచినవి పారేయలేక ఉల్లిపాయ, పచ్చిమిర్చి వేసి ఉప్మా చేశాను. కూయా మర్యాదకి రెండుసార్లు వడ్డించుకున్నాడు. చిన్నాడు కారమని గంతులేశాడు. చీజు మైనం తొడుగుని అందరి ముక్కులకీ అంటించి ఫొటోలు తీసుకున్నాం. ఆతే మా అందరికన్నా గట్టిగా నవ్వింది.

జనవరిలో వాళ్ళు వెళ్ళిపోయారు. ఆతే ఒక సూట్‌కేసు, ఒక రైస్ కుక్కరు పట్టుకుని మా గదికి వచ్చింది. నేను మాత్రం అప్పటికే హాస్టల్లో కథ తయారుచేసి పెట్టుకున్నాను. విరిచిన భాగం రెండు ముక్కల్లో ముగించి, బత్హాకి పరిగెత్తిన భాగం అరగంట చెప్పేదాన్ని. షట్టరు దిగుతుంటే కింద నుంచి దూరానని కూడా కలిపాను. ఒకరోజు సాయంత్రం డ్యూటీ నుంచి వచ్చి టీ తాగుతూ, కొత్తగా చేరిన మలయాళీ పిల్లకి ఆ కథే చెబుతున్నాను. ఆతే మంచం మీద కూర్చుని యూనిఫాం మడతపెడుతోంది. ఆ పిల్ల బయటికి వెళ్ళాక, "నువ్వు ఆ రెండోసారి తెచ్చిన నూడిల్స్ నాకు అసలు గుర్తే లేవు," అంది.

నాకు చివుక్కుమంది.

"విరిచినవే గుర్తున్నాయి," అంది. "కాయితాలు వచ్చిన రోజు నుంచీ నాకు ఏడవాలని ఉండేది. పిల్లల ముందు ఎలా ఏడవను? అమ్మ ఏడిస్తే భయపడతారు కదా. కూయా ముందు ఏడిస్తే తనవల్లే అనుకుంటాడు. ఆసుపత్రిలో ఏడిస్తే ఉద్యోగానికే ముప్పు. రెండు నెలలు పళ్ళు బిగబట్టుకుని ఉన్నాను. నువ్వొచ్చి నూడిల్స్ విరిచావు. అమ్మ ఎందుకేడుస్తోందని పిల్లలడిగితే, ఆంటీ పన్సిత్ పాడుచేసింది అని కూయా చెప్పాడు. వాళ్ళు నమ్మారు. నేను కడుపారా ఏడ్చాను." యూనిఫాం మడత సరిచేసింది. "నీకు థాంక్స్ చెప్పాలని చాలా రోజుల్నుంచి అనుకుంటున్నాను."

ఆ పిల్లని, అంటే ఆనాటి నన్ను, ఇప్పుడు తలుచుకుంటే జాలీ నవ్వూ కలిసి వస్తాయి. ఊరంతా తిరిగి తన ఘనకార్యం చెప్పుకున్న మనిషి, చేసిన మేలు మాత్రం మోకాలి కింద తువ్వాలు పెట్టి నలిపేటప్పుడే చేసేసింది. ఆ విషయం ఆ సాయంత్రం అర్థమయ్యీ కాకుండా అర్థమై, టీ కప్పు పట్టుకుని ముక్కు ఎగపీల్చడం మొదలుపెట్టాను. నాకెందుకు ఏడుపొచ్చిందో నాకే తెలియదు. ఆతే చేతిలో పని ఆపి నా మొహంలోకి చూసింది.

"ఎందుకేడుస్తున్నావు?" అంది.

"టీలో పంచదార లేదు," అన్నాను.

"అయ్యో," అంది ఆతే, పక్కకి జరిగి మంచం మీద నాకు చోటిస్తూ. "అయితే ఏడవాల్సిందే."