ఒరెస్ట్ కూర్చోని స్టూలు

ఒరెస్ట్ డ్మిట్రిక్‌ది ఒకటే జబ్బు: మూలుగు. కెనడాలో, విన్నిపెగ్ నార్త్ ఎండ్‌లో ఆయన పనిచేసే పెరోగీల (ఆలుగడ్డ కజ్జికాయల) ఫ్యాక్టరీలో ఏటా క్రిస్మస్ విందు నాడు తోటివాళ్లు చొల్లు కార్చే పసిపిల్లలకి కట్టే బిబ్బొకటి తెచ్చి, ఆరడుగుల ఆ మనిషి మెడకి కట్టి, "మా ఏడుపుగొట్టు నాయనకి!" అంటూ చప్పట్లు కొట్టేవాళ్లు. ఆయన ఎదురు మాట అనేవాడు కాదు. ఆ బిబ్బుతోనే బీట్‌రూట్ సూపు తాగి, మీసం కూడా దానికే తుడుచుకుని, "ముడి బిగిసింది, మెడ పట్టేసింది," అని ఇంకో మూలుగు మూలిగేవాడు.

మనిషి మాత్రం ఎద్దు. ఉల్లిపాయల బస్తా భుజాన వేసుకుని ఈల వేస్తూ మెట్లెక్కుతాడు. బస్తా దించాడో లేదో, "అబ్బా, నా నడుమో!" మధ్యాహ్నానికి ఆ నొప్పి మోకాల్లోకి దిగుతుంది. సాయంత్రానికి చెవిలోకి ఎక్కుతుంది. పైగా ఉల్లిపాయలు తరిగే బల్ల ఆయనదే. కళ్లు ఎర్రగా వాచి, ధారగా కారుతూ ఉండేవి. మూలుగుకి కన్నీళ్లు తోడయ్యాక ఆ బిరుదు ఇవ్వకుండా ఎవరు ఊరుకుంటారు?

పక్క బల్ల టెరెసీటా ఆబ్లాసాది. గుండ్రంగా కోసిన పిండిలో ఆలుగడ్డ ముద్ద పెట్టి, కజ్జికాయలా మడిచి అంచు నొక్కడం ఆమె పని. పొద్దస్తమానం సిమెంటు నేల మీద నిలబడాలి. ఆమె కుడి తుంటి కీలు అరిగిపోయింది. ఆ సంగతి ఇక్కడ ఎవరికీ చెప్పలేదు. ఇంతకుముందు పనిచేసిన హోటల్లో చెప్పి చూసింది. "పాపం, ఇంటి దగ్గర విశ్రాంతి తీసుకోమ్మా," అని పంపేశారు. అంత ప్రేమగా ఉద్యోగం ఊడబీకడం ఆమె మరెక్కడా చూడలేదు. అందుకే ఇక్కడ పళ్లు బిగించి, పైకి నవ్వుతూ నిలబడేది.

ఆమె చేరిన వారంలోనే ఒరెస్ట్ నడుము మీద కొత్త రాగం ఎత్తుకున్నాడు.

"గ్లెండా తల్లీ! నడుము విరిగిపోతోంది. నాకు స్టూలు కావాలి!"

గ్లెండా ఫెయర్ సూపర్‌వైజరు. మంచిదే, కానీ ఈయన మూలుగులు విని విని విసిగిపోయింది. "నిన్న మోకాలన్నావు కదయ్యా?"

"నిన్నటిది నిన్నే అయిపోయింది. ఇవాళ నడుము."

ఆ మూలుగు భరించలేక స్టూలు తెప్పించారు. ఒరెస్ట్ దాని మీద ఇలా కూర్చుని, తేలు కుట్టినట్టు అలా లేచాడు.

"ఛీ, ఇదీ ఒక స్టూలేనా! తొడలు కోసేస్తోంది. అమ్మాయ్, దీన్ని నీ దగ్గర పడేసుకో. నా కళ్లబడనివ్వకు." కాలితో ఆమె బల్ల కిందికి తోసేశాడు.

టెరెసీటా కూర్చుంది. తుంటి కొంచెం తెరిపిన పడింది. 'ఏం మనిషో! పోరి తెచ్చుకున్నదాన్ని పారేస్తాడు,' అనుకుంది.

తర్వాత గంట వంతు వచ్చింది. పిండిని మోసుకొచ్చే బెల్టు ఆగినప్పుడూ కదిలినప్పుడూ మోగే గంట అది. దానికి తన బుర్ర పగిలిపోతోందని, ఎర్ర దీపం పెట్టమని పోరాడాడు. తీరా పెట్టాక, దీపం చూస్తే కళ్లు తిరుగుతున్నాయని అటు వీపు తిప్పేసి నిలబడ్డాడు. గ్లెండా తల పట్టుకుంది.

ఇలా ఉండగా పై ఆఫీసు నుంచి హుకుం వచ్చింది: పనిచేసే చోట పనికిరాని సామాను ఉండకూడదు. గ్లెండా ఒరెస్ట్‌ని పిలిచి, డాక్టరు చీటీ తెస్తే సరే, లేదంటే స్టూలు తీసేస్తానంది. ఆయన వెళ్లి వట్టి చేతులతో తిరిగొచ్చాడు.

"డాక్టరేమన్నాడు?"

"నాగలికి కడితే రెండెకరాలు దున్నేస్తానన్నాడు."

"ఎవరు, డాక్టరా?"

"కాదు, నేను."

అందరూ పడీపడీ నవ్వారు. టెరెసీటా నవ్వలేదు. స్టూలు అంచు గట్టిగా పట్టుకుంది. అది పోతే కాలు పోతుంది, కాలు పోతే ఉద్యోగం పోతుంది.

"నువ్వు దాని మీద కూర్చోగా నేను చూసిందే లేదు," అంది గ్లెండా. "మరి నీకెందుకయ్యా?"

ఒరెస్ట్ మీసం గోక్కున్నాడు. "కూర్చోను. కానీ అది ఎదురుగా ఉంటే నా నడుముకి ధైర్యం."

"ధైర్యమా! అబద్ధాలాడి సామాను తెప్పించావని పైవాళ్లకి తెలిస్తే నీ ఉద్యోగం ఉంటుందా?"

"ఉండదు తల్లీ," అని పైకప్పు వైపు చూస్తూ నిలబడ్డాడు.

మూలగలేదు! నిజంగా దెబ్బ తగిలే వేళకి ఈ మనిషి మూలగడం లేదేమిటి? టెరెసీటాకి తను చేరిన వారం గుర్తొచ్చింది, కుంటుతూ బల్ల దగ్గరికి నడవడం గుర్తొచ్చింది. స్టూలు ఎందుకు తనవైపే దొర్లిందో అప్పుడు అర్థమైంది.

"ఆ స్టూలు నాది," అంది లేచి నిలబడి. "నా తుంటి అరిగిపోయింది. చెబితే ఇంటికి పంపేస్తారని చెప్పలేదు. నా మూలుగు కూడా ఆయనే మూలిగాడు!"

బెల్టు దగ్గర పనిచేసే మార్విన్ సింక్లెయిర్‌కి పుట్టుకతో వినికిడి లేదు. మాటలు వినపడకపోయినా, స్టూలు చుట్టూ మూగిన జనాన్ని చూసి సంగతి పట్టేశాడు. బల్ల మీద దబదబ చరిచి ఎర్ర దీపం చూపించాడు. తర్వాత తన చెవి. తర్వాత ఒరెస్ట్‌ని.

గ్లెండా ఖాళీగా ఉన్న ఆ స్టూలు మీదే కూర్చోబోయి, టెరెసీటా చూపు చూసి ఆగిపోయింది. "అడిగి ఉంటే ఇవ్వాల్సింది మేమే కదే పిచ్చిదానా! చట్టం ఉంది కదా!"

"చట్టం ఉందని మీరెప్పుడైనా చెప్పారా?" అంది టెరెసీటా.

గ్లెండా జేబులోంచి కాగితం తీసి స్టూలు లెక్క రాసుకుంది. స్టూలు ఇక కదల్లేదు. ఆ రోజు నుంచి అది టెరెసీటా పేరు మీదే ఉంది.

"నిజం చెప్పు ఒరెస్ట్. నీకసలు ఏ బాధా లేదా?" అని గ్లెండా అడిగింది.

"లేదు తల్లీ," అన్నాడు, కళ్లు ధారగా కారుతుంటే.

"ఆ కళ్లు చూడండి!" అని టెరెసీటా కేకేసింది. "ఉల్లిపాయలు పడవు ఈయనకి! అందరి నొప్పులూ మోశాడు గానీ ఆ ఒక్కటీ చెప్పలేదు. ఈయనకి గాలి దూరని కళ్లజోడు కావాలి, వెంటనే!"

కళ్లజోడు వచ్చింది. పెట్టుకుంటే పెద్ద కప్పలా ఉన్నాడు. "చెవుల వెనక నొక్కేస్తోంది," అని మూలిగాడు. ఎవరి మీదికి విసురుతాడా అని అందరూ ఎదురుచూశారు. ఎవరికీ ఇవ్వలేదు. ఆ క్రిస్మస్‌కి మళ్లీ బిబ్బు బయటికి తీస్తే, టెరెసీటా లాక్కుని దానితో ఆయన కళ్లజోడు తుడిచింది.

మీరు పనిచేసే చోటా ఒక మూలుగు వినిపిస్తూ ఉండొచ్చు. నవ్వుకోండి, ఫరవాలేదు. కానీ బిబ్బు కట్టే ముందు, ఆ మనిషి పోరి తెచ్చిన స్టూలు మీద ఎవరు కూర్చున్నారో తొంగిచూడండి. పదిమంది చేత పని చేయించేవాళ్లయితే, వాళ్లు నోరు తెరవకముందే "నీకేం కావాలి?" అని అడగండి. నొప్పి మీదే అయితే మీరే గట్టిగా అడగండి. అది మీ హక్కు, ఎవరూ వేసే ముష్టి కాదు. ఒరెస్ట్‌కి వయసు మీద పడుతోంది. లోకంలోని మూలుగులన్నీ ఆయనొక్కడే మూలగలేడు.