బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు

స్పిరిట్ వాసన నాకు ఇప్పటికీ పడదు. మొన్న మా తమ్ముడు ప్రసాదు మనవరాలు స్నేహని వీధిలో కుక్కపిల్ల పిక్క మీద కరిస్తే, ముగ్గురం ఆటో ఎక్కి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్ళాం. నర్సమ్మ దూదిని స్పిరిట్‌లో ముంచి పిల్ల జబ్బ మీద రుద్దింది. ఆ చల్లటి ఘాటు నా ముక్కుకి తగిలేలోపే సూది వేయడం, తీయడం, మళ్ళీ మూడో రోజున తీసుకురమ్మని చీటీ రాసివ్వడం కూడా అయిపోయాయి. పిల్లకి మొహం చిట్లించే వ్యవధి కూడా దొరకలేదు.

"ఇంతేనా తాతయ్యా? నువ్వేదో చాలా చెప్పేవు" అంది స్నేహ.

"ఇప్పుడు ఇంతేనే. మా రోజుల్లో బొడ్డు చుట్టూ పద్నాలుగు. సూది ఇంత పొడుగు. నన్ను కరిచింది నీ కుక్కపిల్లలాంటిది అనుకున్నావేంటి, పిచ్చికుక్క" అన్నాడు ప్రసాదు, వరసలో నిలబడ్డవాళ్ళందరికీ వినపడేలా. ఆ గొంతులో గర్వం ఉంది. కుడికాలు కొద్దిగా ఈడుస్తూ నడిచే మనిషికి ఆ కాలు ఎందుకలా అయిందో చెప్పుకోవడానికి ఒక మంచి కథ ఉండటం చిన్న సంగతి కాదు. రాజోలులో టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపినన్నాళ్ళూ వాడు ప్రతి కొత్త బ్యాచికీ ఆ కథ చెప్పాడు. పెళ్ళిచూపుల్లోనూ చెప్పాడు. నేను పక్కనున్న ప్రతిసారీ చేసినట్టే ఈసారి కూడా గోడ మీది టీకాల పట్టిక చదువుతూ నిలబడ్డాను.

నాకు డెబ్బై మూడేళ్ళు. ఉద్యోగమంతా బడిలో లెక్కలు చెప్పడంతోనే గడిచింది. పదేళ్ళ వయసు నుంచి డైరీ రాస్తున్నాను. ఏ రోజు ఎంత వాన పడింది, ఏ చెట్టు ఎన్ని కాయలు కాసింది, ఎవరికి జ్వరం వచ్చింది, ఎన్నాళ్ళకి తగ్గింది, అన్నీ ఉన్నాయి. తమ్ముడి కాలి సంగతి మాత్రం ఉన్నది ఉన్నట్టుగా ఏ డైరీలోనూ లేదు. అందుకని ఇక్కడ రాస్తున్నాను.

మా ఊరు రాజోలు దిగువన గోదావరి పాయ ఒడ్డున ఉండేది. నాన్నగారు మిషను బడిలో మాస్టారు. ఇంట్లో వైద్యమంతా నాయనమ్మది, మేము మామ్మ అనేవాళ్ళం. నెలకోసారి శనివారం పొద్దున్నే మమ్మల్ని ఇద్దర్నీ గోడకి ఆనించి, ముక్కు మూసి, గోరువెచ్చటి ఆముదం గొంతులో పోసేది. ఆ జిడ్డు నాలుక మీదనుంచి పోవడానికి మధ్యాహ్నం దాకా చారునీళ్ళు తాగుతూనే ఉండేవాళ్ళం. చెవిపోటుకి వెల్లుల్లి వేసి కాచిన నూనె, తెగిన వేలికి కాఫీపొడి, గవదబిళ్ళలకి చెంపల నిండా నీలిమందు పూత, జ్వరం ఏదైనా సరే లంఖణం. పక్కవీధిలో పసిబిడ్డ ఊరికే ఉలిక్కిపడుతోందంటే పసుపుకొమ్ము నిప్పుల్లో కాల్చి దాని పొట్ట మీద అంటించేవారు. కామెర్లు వస్తే మణికట్టు మీద వాత పెట్టి, ముక్కులో ఏదో ఆకుపసరు పిండి, నెల్లాళ్ళు ఉప్పులేని పత్యం పెట్టేవారు. బతికినవాళ్ళు మందు వల్ల బతికారనీ, పోయినవాళ్ళు పత్యం తప్పడం వల్ల పోయారనీ అనుకునేవాళ్ళం. ఎవరూ మందుని తప్పుపట్టేవారు కాదు.

ఎండలు ముదిరేసరికి మా రేవు దగ్గర పాయ సన్నబడి, మోకాలి లోతు నీళ్ళు దాటితే చాలు, ఇసకలో నడుచుకుంటూ అవతలి లంకలోకి వెళ్ళిపోవచ్చు. అక్కడ సత్తెమ్మ అనే ఒంటరి మనిషి పాక వేసుకుని దోసపాదులు పెట్టేది. వరదలు వచ్చేదాకా ఆ లంకే ఆమె ఊరు. ఇసక కింద చెలమ తవ్వి ముంతతో నీళ్ళు పోస్తూంటే తడిసిన పాదుల నుంచి పచ్చివాసన వచ్చేది. మేము వెళ్తే లేత దోసకాయ తెంపి, కొడవలితో చీల్చి, ఉప్పు అద్ది ఇచ్చేది. ఆ యేడు ఆమె నల్లకుక్క పాక వెనకాల నాలుగు పిల్లల్ని పెట్టింది. ఒక ఆదివారం గుడిలో ప్రార్థన అయ్యాక నేనూ, ఏడేళ్ళ ప్రసాదూ దోసకాయలకి వెళ్ళాం. నేను సత్తెమ్మతో మాట్లాడుతూ ఉండగా వాడు వెళ్ళి ఒక పిల్లని ఎత్తుకున్నాడు. తల్లి వచ్చి వాడి కుడిపిక్క పట్టుకుంది.

ఇంటికి రాగానే మామ్మ మిరపకారం నూనెలో కలిపి గాయంలో నొక్కింది. వాడి ఏడుపు చర్చి దాకా వినపడిందని తరవాత చెప్పుకున్నారు. సాయంత్రం నాన్నగారు వాణ్ణి సైకిలు మీద టౌనులో గవర్నమెంటు ఆసుపత్రికి తీసుకెళ్తే కాంపౌండరు గాయం కడిగి చెప్పాడట: కుక్కని పది రోజులు కనిపెట్టండి, బతికుంటే ఏ భయమూ లేదు, చచ్చినా కనపడకుండా పోయినా ఆ క్షణమే తీసుకురండి, పద్నాలుగు సూదులు వెయ్యాలి. అప్పట్లో అది అందరికీ తెలిసిన పద్ధతే.

నాన్నగారు నా లెక్కల పుస్తకం చివరి పేజీలో స్కేలు పెట్టి పది గళ్ళు గీశారు. "నువ్వయితే మర్చిపోవు పాపా. రోజూ వెళ్ళి కళ్ళారా చూసి, వచ్చి టిక్కు పెట్టు. ఎవరో చెప్పేరని పెట్టకు" అన్నారు. ఇంట్లో ఇంతమంది ఉండగా ఆ పని నాకు అప్పగించారని నా కాళ్ళు నేల మీద నిలవలేదు.

సోమవారం నుంచి రోజూ పొద్దున్నే పరికిణీ ఎగ్గట్టుకుని పాయ దాటేదాన్ని. కుక్క పాక నీడలో పడుకుని పిల్లలకి పాలిస్తూ, నన్ను చూసి తోక రెండుసార్లు నేలకేసి కొట్టేది. దాని కళ్ళు చూసేదాన్ని, చొంగ కారుస్తోందేమో చూసేదాన్ని.

"ఏటమ్మా మాస్టారి పాపగారూ, మా కుక్కకి హాజరేత్తన్నారా?" అని నవ్వేది సత్తెమ్మ.

"ఆయ్. పది రోజులు వెయ్యాలండి."

"ఏసుకోండేసుకోండి. నా మొకం చూడ్డానికి పక్కూరోళ్ళే రారు, దాని మొకానికి రోజూ మనిషొత్తన్నారు. అదురుట్టమంటే దాందే."

ఐదు గళ్ళలో ఐదు టిక్కులు పడ్డాయి. ఆరో రోజు శనివారం. మర్నాడు మట్టలాదివారం, ఈస్టరుకి ముందు ఆదివారం. ఊరేగింపులో పట్టుకోవడానికి లేత కొబ్బరాకులతో సిలువలు అల్లే పని పిల్లలది. చర్చి అరుగు మీద పచ్చటి ఆకుల గుట్ట పోసి, ఈనెలు తీసి, మడతపెట్టి, ఒకరి మీద ఒకరు పోటీ పడి అల్లుతున్నాం. నా అల్లిక బాగుందని పాస్టరమ్మగారు నన్ను మధ్యలో కూర్చోబెట్టి మిగతావాళ్ళకి చూపించమన్నారు. ఒక్క సిలువ అయ్యాక వెళ్దామనుకున్నాను. ఇంకొక్కటి అనుకున్నాను. తలెత్తేసరికి పొద్దు వాలింది.

ఇంటికి వెళ్ళేసరికి నాన్నగారు అరుగు మీద కాఫీ తాగుతున్నారు. "చూసేవా పాపా?" అన్నారు.

వెళ్ళలేదని చెప్పడానికి సిగ్గేసింది. చూశానని చెబుదామంటే భయమేసింది. ఒకవేళ అది నిజంగా చచ్చిపోయి ఉంటే? కుక్క ఉందనాలా, లేదనాలా, రెండు అబద్ధాల్లో ఏది తక్కువదో నేను అక్కడే నిలబడి లెక్క కట్టాను. ఉందని అబద్ధం చెబితే తమ్ముడు చచ్చిపోవచ్చు. లేదని అబద్ధం చెబితే సూదులు పడతాయి, అంతే కదా.

"కుక్క లేదండీ నాన్నగారూ. ఎంత వెతికినా కనపడలేదండీ" అన్నాను.

ఆయన గ్లాసు కింద పెట్టి సైకిలు తీశారు. ఆ సాయంత్రమే మొదటి సూది పడింది.

మర్నాడు గుడి అవగానే లంకకి పరిగెత్తాను. కుక్క అదే నీడలో ఉంది. తోక రెండుసార్లు కొట్టింది. "నిన్న నాగా పెట్టేరేటమ్మా? తమ్ముడుబాబెలాగున్నాడు?" అంది సత్తెమ్మ. బాగున్నాడని చెప్పి వచ్చేశాను. దారి పొడుగునా ఎలా చెప్పాలా అని మాటలు కూర్చుకున్నాను. ఇంటి దగ్గర వీధి వీధంతా ఉంది. ప్రసాదు చొక్కా ఎత్తి పొట్ట మీది వాపు అందరికీ చూపిస్తున్నాడు. నాన్నగారు నా తల మీద చెయ్యి వేసి, "మా పాప కనిపెట్టి చూసింది కాబట్టి సరిపోయిందండీ. లేకపోతే పిల్లాడు మనకి దక్కేవాడా" అన్నారు. నేను లోపలికి వెళ్ళిపోయాను. ఆ వారంలోనే టౌను నుంచి వస్తూ నాకు నల్ల అట్ట డైరీ ఒకటి తెచ్చిచ్చారు, ఇంత శ్రద్ధ ఉన్న పిల్ల రాసుకోవాలి అని. నా మొదటి డైరీ అదే.

మంగళ, బుధవారాల్లో కూడా వెళ్ళాను. బుధవారానికి పది రోజులు నిండాయి. కుక్క నిక్షేపంలా ఉంది. అప్పటికి ఐదు సూదులు పడ్డాయి. ఆ రోజు చెప్పినా మిగతా తొమ్మిదీ ఆగేవి. లెక్క నాకు తెలుసు, చెప్పలేదు.

ఈస్టరు వెళ్ళిన శుక్రవారానికి పద్నాలుగూ పూర్తయ్యాయి. సోమవారం వాడికి జ్వరం వచ్చింది. మంగళవారం పొద్దున్న మంచం మీంచి, "అమ్మా, నా కాళ్ళు రావట్లేదే" అన్నాడు, భయపడకుండా, చెప్పు దొరకట్లేదన్నట్టు. రెండు నెలలు ఆసుపత్రిలో ఉన్నాడు. ఎడమకాలు పూర్తిగా వచ్చింది. కుడికాలు సన్నబడి అలాగే ఉండిపోయింది. విషం ఆ కాల్లోకి ముందే దిగిపోయిందని ఊరంతా అంది. నాన్నగారు కూడా అదే నమ్మారు. కరిచిన రోజే సూదులు వేయించకుండా ఆరు రోజులు కుక్క కోసం ఆగింది తనే కదా అని ఆయన లెక్క. ఆ వేసవి చివర వరద నీళ్ళు వస్తున్నాయని సత్తెమ్మ కుక్కని, పిల్లల్ని తీసుకుని లంక వదిలి వెళ్ళిపోయింది. మళ్ళీ యేడాది రాలేదు.

ఆ రోజుల్లో ఆ మందు గొర్రె మెదడు నుంచి తయారుచేసేవారనీ, ఎప్పుడో ఎవరికో దానివల్లే కాళ్ళు పడిపోయేవనీ, అందుకే దాన్ని మానేశారనీ, నా దగ్గర చదువుకుని డాక్టరైన అమ్మాయి ఒకరు చాలా యేళ్ళ తరవాత నాకు చెప్పారు. ప్రసాదు కాలు దానివల్లే పోయిందని ఖాయంగా చెప్పలేనని కూడా అన్నారు. కానీ ఆ కుక్కకి పిచ్చి లేదని, నాన్నగారు ఆగడం వల్ల ఏ నష్టమూ జరగలేదని తెలుసుకోవడానికి నాకు ఏ డాక్టరూ అక్కర్లేదు. అది పదేళ్ళప్పుడే తెలుసు. తెలిసే ఆయన ఆఖరి రోజుల్లో మంచం పక్కన కూర్చున్నాను. "వాడి కాలు నా మూలానే పోయింది పాపా. ఆగేను" అన్నారు. "మీ తప్పేమీ లేదండీ" అన్నాను. అందరూ అనే మాటే అది. ఆయన తల అడ్డంగా ఊపి కళ్ళు మూసుకున్నారు.

సూది వేశాక అరగంట ఉండి వెళ్ళమంటే మొన్న ఆరోగ్య కేంద్రం బయట బల్ల మీద కూర్చున్నాం. స్నేహ కొళాయి దగ్గర ఎవరో పిల్లలతో ఆడుతోంది. ప్రసాదు ఇంకా ఆ పిచ్చికుక్క గురించే ఏదో అంటున్నాడు. నేను చెప్పేశాను. మొదటి నుంచి చివరిదాకా, సిలువలూ, టిక్కులూ, బుధవారం సంగతీ, అన్నీ.

వాడు తన చెప్పుల వంక చూశాడు.

"నాన్నగారికి తెలుసా?" అన్నాడు.

"తెలీదు."

"సూది వేయించి తెచ్చేటప్పుడు కాలవగట్టు మీద సైకిలు దిగిపోయేవారక్కా. కుదుపు తగిలితే పొట్ట నొప్పెడుతుందని నన్ను సీటు మీద కూర్చోబెట్టి నడిపించుకొచ్చేవారు. కాలు పోయేక కూడా అంతే. అప్పుడు ఏడ్చేవారు. నేను వెనక్కి తిరిగి చూడకూడదని నా తల ముందుకి తిప్పేవారు." నా వైపు తిరిగాడు. "ఇప్పుడు నాకు చెప్తే ఏం లాభం? ఆయనకి చెప్పాల్సింది."

అవునన్నాను.

ఆటో వచ్చింది. దారి పొడుగునా వాడు బయటికి చూస్తూ కూర్చున్నాడు. ఆ కాలవగట్టు ఇప్పుడు సిమెంటు రోడ్డు. మా రేవు దగ్గర పాయ ఎక్కడ సన్నబడేదో ఇసక తవ్వకాల తరవాత ఆనవాలు లేదు, సత్తెమ్మ లంకని నది ఎప్పుడో కోసుకుపోయింది. ఆముదం పోసేవాళ్ళు లేరు, పసుపుకొమ్ము కాల్చేవాళ్ళు లేరు, ఆ పద్నాలుగు సూదులూ ఏ ఆసుపత్రిలోనూ లేవు. మా ఇద్దరి మధ్యా కూర్చున్న స్నేహ తాతయ్య మోచెయ్యి లాగింది.

"తాతయ్యా, ఆ పిచ్చికుక్క కథ మళ్ళీ చెప్పవా?"

"అది పిచ్చికుక్క కాదమ్మా" అన్నాడు ప్రసాదు, నా వైపు చూడకుండా. "పిల్లల తల్లి. దాని పిల్లని ఎత్తుకున్నానని కరిచింది."

"మరి అన్ని సూదులెందుకు వేసేరు?"

వాడు నర్సమ్మ ఇచ్చిన చీటీ మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"అప్పట్లో అంతేనమ్మా" అన్నాడు. "అలాగే వేసేసేవారు."