సిస్టం తెరిస్తే వచ్చే మాట

మా ఇంటి ముందు గదే మా షాపు. మెదక్‌లో ఇలాంటివి గల్లీకి రెండున్నాయి. దరఖాస్తులు టైపు చేయడం, జిరాక్సు తీయడం, పెళ్ళికార్డుల మ్యాటర్ కొట్టడం, ఆదివారం చర్చిలో పంచే పాటల కాగితాలు తయారుచేయడం, ఇవీ మా పనులు. టైపు కొట్టేది నేను. మిషన్ల కాలం నుంచి కొడుతున్నాను. సిస్టం లోపలి సంగతులన్నీ మా ఆవిడవి. ఆమె కొన్నాళ్ళు ఒక బడిలో కంప్యూటర్ నేర్పింది. సిస్టం మొరాయిస్తే నేను తిట్టేవాణ్ణి, ఆమె వచ్చి బాగుచేసేది. పిల్లలు లేరు. ఇద్దరం, ఒక షాపు, రోజంతా వచ్చిపోయే గిరాకీ. ఇప్పుడు గిరాకీ అలాగే ఉంది. ఆమె పోయి ఎనిమిది నెలలైంది.

నాకు బీపీ ఉంది. పొద్దున్నే గోలీ వేసుకోవాలి. వేసుకునేవాణ్ణి కాదు. మరుపు కాదు, ఒకరకం పొగరు. ఆమె మొదట కాగితం మీద రాసి గోలీల డబ్బాకు అంటించింది. నేను డబ్బా వైపే చూడలేదు. ఫోన్లో గంట పెట్టింది. దాని నోరు నొక్కి పక్కన పడేశాను. కానీ పొద్దున మొహం కడుక్కోగానే, చాయ్ కంటే ముందు, నేను సిస్టం తెరుస్తానని ఆమెకు తెలుసు. అందుకని అందులోనే పెట్టింది. సిస్టం ఆన్ చేయగానే, పాస్‌వర్డ్ అడగకముందే, తెర మీద ఆమె రాసిన మాట వచ్చి నిలబడేది. కింద ఓకే అని ఒక బటన్. అది నొక్కితే తప్ప ముందుకు పోదు. పెద్ద ఆఫీసుల్లో ఉద్యోగులను హెచ్చరించడానికి చేసిన ఏర్పాటట. మా ఇంట్లో అది నా మీదికి వచ్చింది.

"గోలీ ఏసుకున్నవా? ఏసుకోకుంటె ముట్టకు."

ఇదే మొదటి మాట. ఫోన్లో మెసేజీలు పెట్టినట్టు ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాసేది. తర్వాత అది అలవాటైంది. పొద్దున్నే ప్రార్థనకో, వాళ్ళ చెల్లెలి ఇంటికి శివ్వంపేటకో పోతే, చెప్పాల్సింది అందులో చెప్పిపోయేది. పాలు కాచినట్టు, గ్యాసు వస్తే సిలిండర్ తీసుకోమన్నట్టు. నేను విననట్టే ఉండేవాణ్ణి, అన్నీ చేసేవాణ్ణి, గోలీ తప్ప.

గిరాకీ ముందు ఆమె నన్ను 'మీరు' అనేది. "సార్‌ను అడుగుండ్రి" అనేది. గిరాకీ మెట్లు దిగగానే 'నువ్వు'. అది మాలో మాకు ఒప్పందం. ఒకరోజు కరెంటు పోయి వచ్చింది. నా పక్క కుర్చీలో టేక్మాల్ నుంచి వచ్చిన ఒక పటేల్ కూర్చున్నాడు, భూమి కాగితాల దరఖాస్తు కోసం. సిస్టం మళ్ళీ లేచి ఆమె మాట చూపించింది. ఆయన కళ్ళద్దాలు సర్దుకొని అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివాడు.

"సార్, ఇంతకు గోలీ ఏసుకున్నరా లేదా? మీరు ఏసుకుంటెనే నా కాగితం అయ్యేటట్టున్నది."

గదిలో ఉన్న అందరూ నవ్వారు. నవ్వితే నవ్వారు, ఊరంతా 'సార్' అనే మనిషిని పెళ్ళాం నువ్వంటుందని బయటపడిపోయిందే అని నా బాధ. ఆ మధ్యాహ్నం ఆమె బజారుకు పోయినప్పుడు, ఆమె చేస్తుంటే వెనకనుంచి చూసిన గుర్తుతో లోపలికి పోయి, ఆ మాట చెరిపేశాను. దొంగతనం చేసినవాడిలా చేతులు కూడా కడుక్కున్నాను.

"తీసినవా?" అంది మరునాడు.

"తీసిన."

"మంచిగ చేసినవ్" అని ఊరుకుంది. రెండు రోజులకు మాట మళ్ళీ వచ్చింది. మళ్ళీ తీద్దామని పోతే, మార్చడానికి నీకు అనుమతి లేదంది సిస్టం. నా ఇంట్లో, నా కుర్చీలో, నాకు.

"ఏం జేసినవే దీన్ని?"

"తాళమేసిన" అని స్టూలు లాక్కుని నా పక్కన కూర్చుంది. ఎక్కడెక్కడో నొక్కి ఒక చిన్న గడి తెరిచింది. పైన ఓనర్ అని ఉంది, దాని ఎదురుగా ఆమె పేరు. "సద్వు. ఓనర్ ఎవరున్నరు?"

"సిస్టం ఇద్దరం గల్సి కొన్నం గద."

"కొనుడు వేరే, ఓనర్ వేరే. ఓనర్ ఇస్తెనే వేరేటోళ్ళు మార్చొస్తది. నేను ఇయ్య."

ఇయ్యలేదు. నేనూ అడగలేదు. నిజం చెప్పాలంటే, మళ్ళీ తీయలేకపోవడం నాకు హాయిగానే ఉండేది. తిట్టుకుంటూ ఓకే నొక్కేవాణ్ణి.

పోయినేడు ఆమెకు ఆయాసం మొదలైంది. మెట్లెక్కితే ఆగి నిలబడేది. ఇక్కడి డాక్టరు టెస్టుల కోసం హైదరాబాద్ పెద్ద దవాఖానకు రాసిచ్చాడు. పోవాల్సిన రోజు ఏదో ఉద్యోగాల దరఖాస్తులకు ఆఖరు రోజు. తెల్లారకముందే మా మెట్ల మీద నలుగురు కూర్చున్నారు.

"నువ్వు రాకు. లాస్ట్ డేట్ ఇయ్యాల, వాళ్ళు పరేషాన్ అయితరు. టెస్టులే గద, పోయొస్త" అంది.

నేను విన్నాను. జీవితంలో ఆమె మాట నేను అంత సులువుగా విన్నది అదొక్కసారే.

చీర కట్టుకొని, చేతిసంచి ఒళ్ళో పెట్టుకొని, సిస్టం ముందు కూర్చుంది. నేను రోడ్డు మీద ఆటో ఆపి పిలుస్తున్నాను.

"ఒక్క లైన్ రాయనీకి గింతసేపా? బస్సు పోతది."

"రాసుడయింది. ఇంకొక పనున్నది, జర ఆగు."

ఇంకా కాసేపు కూర్చుంది. తర్వాత సిస్టం బంద్ చేసి, లేచి వచ్చి ఆటో ఎక్కింది. నేను లోపలికి వచ్చి సిస్టం తెరిచాను. తెర మీద మూడు ముక్కలున్నాయి.

"గోలీ ఏసుకో. గిన్నెల పప్పున్నది. సాయంత్రం వరకు వస్త."

ఓకే నొక్కి పనిలో పడ్డాను. గోలీ వేసుకోలేదు. మధ్యాహ్నం దవాఖాన నుంచి ఫోనొచ్చింది, ఆమెను చేర్చుకున్నారని, మనిషి రావాలని. నేను పోయేసరికి సాయంత్రమైంది. ఆమె కళ్ళు తెరవలేదు. మరునాడు పోయింది.

అన్నీ అయిపోయి, చుట్టాలు వెళ్ళిపోయాక ఒక పొద్దున సిస్టం తెరిచాను. సాయంత్రం వరకు వస్త, అంది. నాకు అరక్షణం గుండె తేలికైంది. ఆ తర్వాత సంగతి గుర్తొచ్చింది. ఆ రోజు నుంచి ప్రతి పొద్దునా అంతే. తెలిసీ, చదివీ, అరక్షణం నమ్మేవాణ్ణి. అంతటితో పోతే బాగుండు. సాయంత్రమయ్యేసరికి షాపు మూసి మెట్ల మీద కూర్చోవడం మొదలైంది. ఆటో చప్పుడైతే తల ఎత్తేవాణ్ణి. ఎవరైనా అడిగితే గాలికి కూర్చున్నానని చెప్పేవాణ్ణి. నేను ఎదురుచూస్తున్నానని నాకు తెలుసు. పిచ్చి పడుతుందేమోనని భయమేసింది.

ఆ మాట తీసేయాలనుకున్నాను. సిస్టం ఒప్పుకోలేదు, అనుమతి లేదంది. ఇక బంద్ చేయడమే మానేశాను. రాత్రీ పగలూ దాన్ని ఆన్‌లోనే ఉంచాను, మళ్ళీ తెరిస్తే గదా ఆ మాట వచ్చేది. వారాల తరబడి అలా నడిచి నడిచి అది నెమ్మదించింది. ఒక్క కాగితం ప్రింటు తీయడానికి మూలిగేది. పైగా మెదక్ కరెంటు ఎవరి మాటా వినదు. గాలివాన వచ్చినప్పుడల్లా పోయేది, వచ్చేది, ఆమె వస్తానని చెప్పేది.

చివరికి సిస్టంను ఆటోలో పెట్టుకొని బజారులో మెకానిక్ దగ్గరికి తీసుకుపోయాను. నా ఈడువాడే. ఒకప్పుడు రేడియోలు బాగుచేసేవాడు. ఆన్ చేయగానే ఆ మాట వచ్చింది. ఆయన చదివాడు. ఒకసారి నా వైపు చూసి ఓకే నొక్కాడు.

"ఫార్మాట్ కొడ్తె మంచిగైతది సార్. గని అన్ని పోతయి. గీ మాట గూడ పోతది."

"మాట ఒక్కటి పోవాలె. అందుల ఆమె చేసిన పనులు మస్తున్నయ్, అవి ఉండాలె."

"గట్లయితె నేను ముట్ట. మీరే తీసుకోండ్రి. షాపు పేరు మీద తెరిస్తె కాదు. మీ పేరు మీద ఇంకొక అకౌంటున్నది చూడుండ్రి, దాంట్లకెల్లి పోతె అయితది. ఓనర్ కాడ అమ్మ పేరు తీసి మీ పేరు రాసుకోవాలె. గప్పుడు మార్చనిస్తది."

మిగిలిపోయిన పెళ్ళికార్డు వెనక, ఏది తర్వాత ఏది నొక్కాలో వరసగా రాసిచ్చాడు. డబ్బులిస్తే తీసుకోలేదు.

ఆ కార్డు సొరుగులో చాలా రోజులుంది. ఆమె పేరు తీసి నా పేరు రాయడం నాకు కొత్త కాదు. చనిపోయినవాళ్ళ పేరు మార్చమని దరఖాస్తు నేను కళ్ళు మూసుకుని కొడతాను, ఊళ్ళో సగం మందికి కొట్టిచ్చాను. కరెంటు మీటరు, గ్యాసు బుక్కు ఆమె పేరు మీద ఉంటే నా పేరుకు మార్పించుకున్నాను. ఆ జిరాక్సులు తీస్తున్నప్పుడు నాకేమీ కాలేదు. కానీ ఈ తాళం ఆమె నాతో ఆడుకుంటూ వేసింది. పోట్లాటలో ఒకవైపు మనిషి లేనప్పుడు రెండోవాడు గెలవడమేమిటి? అలాగని మెట్ల మీద కూర్చోవడం మానలేకపోయాను.

ఒక ఆదివారం, చర్చి గంట కొట్టి జనమంతా అటు పోయాక, షాపు తలుపు దగ్గరికి వేసి కూర్చున్నాను. తెర మీద అకౌంటుకొకటి చొప్పున మూడు గుండ్రాలుంటాయి. ఒకటి షాపుది, ఒకటి ఆమెది, ఒకటి నాది. నా దాన్ని నేను ఒక్కసారీ తెరవలేదు. పాస్‌వర్డ్ ఆమె పెట్టిందే. ఏదో కొడితే తప్పంది. కింద గుర్తు కోసం ఆమె రాసిన మాట వచ్చింది: 'నీ స్కూటర్'. అమ్మేసి ఎన్నో ఏళ్ళైన స్కూటర్. నంబరు వేళ్ళకు గుర్తుంది. కొట్టాను, తెరుచుకుంది.

కార్డు చూసుకుంటూ ఒక్కొక్కటే నొక్కాను. ఒకచోట వరస తప్పి వేరేది తెరుచుకుంది, వెనక్కి వచ్చాను. ఆఖరికి ఆ గడి వచ్చింది, ఆమె స్టూలు మీద కూర్చుని నాకు చూపించిన గడి. పైన ఓనర్ అని ఉంది.

దాని ఎదురుగా నా పేరుంది.

కళ్ళద్దాలు తీసి తుడుచుకొని మళ్ళీ చూశాను. నా పేరే. కింద ఎవరెవరికి అనుమతి ఉందో చూపే జాబితాలో కూడా నాకే, పూర్తిగా. ఆమె పేరు ఎక్కడా లేదు. తీసేసుకుంది. ఇయ్యనని నా మొహం మీద చెప్పిన మనిషి ఎప్పుడో ఇచ్చేసింది.

ఎప్పుడో ఏమిటి, ఆ పొద్దుననే. నేను ఆటో పక్కన నిలబడి అరుస్తున్నప్పుడు. రాసుడయింది, ఇంకొక పనున్నది, జర ఆగు. అంటే రాకపోవచ్చని ఆమెకు అనిపించింది. అనిపించీ నాకు చెప్పలేదు. రావద్దంటే ఆగిపోయినవాడికి ఏం చెబుతుంది? ఒక చేత్తో సాయంత్రం వరకు వస్తానని రాసి, ఇంకో చేత్తో ఆ మాట చెరిపే అధికారం నాకు రాసిచ్చి పోయింది. అక్కడే, ఆ గడి ముందు, పెద్దగా ఏడ్చాను. ఎనిమిది నెలల్లో అలా ఏడవలేదు.

చాలాసేపటికి లేచి మొహం కడుక్కొని వచ్చాను. ఆమె రాసిన మాట తెరిచాను. గోలీ సంగతి ముట్టుకోలేదు. పప్పు ముట్టుకోలేదు. చివర ఉన్న మూడు మాటలు మాత్రం, వెనకనుంచి ఒక్కో అక్షరం, చెరిపాను. సిస్టం ఈసారి ఏమీ అడ్డు చెప్పలేదు. బంద్ చేశాను.

మరునాడు పొద్దున తెరిచాను. గోలీ వేసుకోమంది. లేచి పోయి వేసుకొని వచ్చాను. గిన్నెలో పప్పుందంది. అంతే, ఇంకేమీ అనలేదు. ఓకే నొక్కాను. ఆ సాయంత్రం మెట్ల మీద కూర్చోలేదు. చీకటి పడేదాకా షాపు తెరిచే ఉంచాను.

ఇప్పుడు ఆటో చప్పుడుకు తల ఎత్తడం లేదు. నేను కోరుకున్నది అదే, అయింది. కానీ ఒక సంగతి నాకు ముందు తట్టలేదు. అబద్ధమైతేనేం, ఈ ఊళ్ళో రోజుకొకసారి నా దగ్గరికి వస్తానని చెప్పే మనిషి ఆమె ఒక్కతే. ఆ మాట మళ్ళీ రాసుకోవచ్చు, అనుమతి నా పేరు మీదే ఉంది. రెండుసార్లు అక్కడిదాకా పోయాను కూడా. కానీ నేను రాస్తే అది నేను రాసినట్టే ఉంటుంది.