మామ మీది అమ్మవారు

మా మేనమామ కార్గిల్ యుద్ధం నుంచి శామీర్‌పేటకు వచ్చినంక, ఏడ కూసున్నా వీపు గోడకు ఆనించి తలుపు దిక్కే చూసేటోడు.

తర్వాతి బోనాలకు ఇంటి ముంగట డప్పు మోగంగనే ఆయనకు ఒళ్లంత వణుకు వుట్టింది. "డప్పు ఆపమనవే అమ్మా, మావోళ్లు సచ్చిపోతున్నరు" అని అమ్మమ్మ కాళ్లు వట్టుకున్నడు.

అమ్మమ్మ ఆపించలే. ఎల్లమ్మ పూనిందని మురిసిపోయి, కొడుకు మొఖానికి పసుపు రాసి చేతిల యాపకొమ్మ వెట్టింది. "వానలు వడ్తయా తల్లీ?" అని ఊరంత ఆయననే అడిగింది. ఆయన ఏడుస్తుంటే అది గూడ అమ్మవారి ఏడుపే అన్నరు.

పై ఏడు డప్పు సప్పుడు దూరంగ ఇనవడంగనే మామ తలుపుకు గడియ వెట్టి, తన గోడ కాడికి వొయ్యి కూసున్నడు. ఆయన చూస్తుండంగనే అమ్మమ్మ పసుపు కలిపి, వొయ్యి గడియ తీసింది.