టవలు వేసిన సీటు

మా ఆయనకు రైలంటే గిట్టదు. "నెలల ముందు టికెట్ తీసుకోవాల్నంట! ఆ పొద్దుకు ఉంటామో పోతామో ఎవురికెరుక?" అనేవాడు. ఎన్నిసార్లు అన్నాడో లెక్కలేదు. ఒక్కసారైనా ఆ నోటి మీద ఒకటి వేసి ఉండాల్సింది అనిపిస్తుంది ఇప్పుడు.

మేమిద్దరం కమలాపురంలో ఒకే ప్రైవేటు స్కూల్లో పాఠాలు చెప్పేవాళ్ళం. ఆయన లెక్కలు, నేను తెలుగు. నాది ఆ ఊరే. ఆయనది ఆదోని పక్క. డబ్బుల్ని దుడ్లు అంటాడు, అందుకని స్కూలు పిల్లలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వేవాళ్ళు. మా జీతాల సంగతి చెప్పుకుంటే సిగ్గుచేటు. పిల్లల్లేరు, పొలం లేదు. మాకంటూ ఉన్నవి ఎండాకాలం సెలవులు, దసరా సెలవులు. బడికి తాళం పడిన మర్నాడే చెరొక సంచీ భుజాన వేసుకుని ఊరు దాటేవాళ్ళం.

ఏ ఊరికైనా ఎర్రబస్సే. కమలాపురం నుంచి కన్యాకుమారికి కూడా ఒక బస్సు దిగి ఇంకొక బస్సు ఎక్కుతూ పోయినవాళ్ళం మేము. ఏసీ బస్సు పక్కన నిలబడితే ఆ చల్లగాలి పుణ్యానికి తగులుతుంది కదా, లోపలికి ఎందుకు అనేవాడు. సంచిలో జొన్నరొట్టెలు, చెనిగ్గింజల పొడి, బొరుగులు. పడక సత్రంలో, అది దొరక్కపోతే బస్టాండు బెంచీ మీద. కొల్హాపూర్ బస్టాండులో ఒక పెద్దావిడ మమ్మల్ని చూసి ఇల్లు విడిచి లేచిపోయి వచ్చిన జంట అనుకుని బుద్ధులు చెప్పింది. అప్పటికి మా ఆయన తల సగం నెరిసింది. ఆ పొద్దంతా ఆయన కాలర్ ఎగరేసుకుని తిరిగాడు.

మా ప్రయాణాలకు ఒక పద్ధతి ఉండేది. మా దిక్కు బస్టాండ్లలో సీటుకు రిజర్వేషన్ అంటే టవలు. బస్సు ఇంకా ఆగకముందే కిటికీలోంచి టవలు విసిరి సీటు మీద వేస్తే, ఆ సీటు వేసినవాళ్ళది. తలుపు దగ్గర తోసుకుని లోపలికి వచ్చేసరికి ఎంత ఆలస్యమైనా సరే, దాని మీద ఇంకొకరు కూర్చోకూడదు. కూర్చుంటే కొట్లాట. ఈ టవలు పని మా ఆయనది. మనిషి పొడుగు, చెయ్యి ఇంకా పొడుగు. నా పని డ్రైవర్ని అడగడం. మన బస్సుల బోర్డుల్ని నమ్మేదానికి లేదు. ఒక్కోసారి వచ్చిన ఊరి బోర్డే ఉంటుంది, పోయే ఊరిది ఎవరికో గుర్తుకొచ్చినప్పుడు మారుస్తారు. అందుకని ఆయన టవలు వేసి నా దిక్కు తిరిగి చూసేవాడు, నేను డ్రైవరు కిటికీ కింద నిలబడి అడిగి, డ్రైవరు తల ఊపితే మనదేనని చెయ్యి ఎత్తేదాన్ని. చెయ్యి ఎత్తకపోతే టవలు వెనక్కి లాక్కోవాలి. అందులో ఆయన చూపించిన విద్య అంతా ఇంతా కాదు.

"నువ్వు అడక్కపోతే నేను ఏ ఊర్లో తేల్తానో" అనేవాడు. "ఏ ఊర్లోనూ తేలవు, ఈ బస్టాండులోనే ఉంటావు, సీటు మాత్రం పోతుంది" అనేదాన్ని.

పోయిన వానాకాలంలో, ఒక ఆదివారం అన్నం తిని మంచం మీద నడుము వాల్చాడు. లేవలేదు. గుండె అన్నారు. ఘాట్ రోడ్లలో, బ్రేకులు కీచుమనే బస్సుల్లో, తలుపు తాడుతో కట్టిన బస్సుల్లో తిరిగిన మనిషికి ఏమీ కాలేదు. ఇంట్లో ఫ్యాను కింద కడుపు నిండా తిని పోయాడు. పక్క గదిలో పిల్లల పేపర్లు దిద్దుతూ ఉన్నాను. ఒక్క మాట చెప్పలేదు నాకు. అంగడికి పోయినా చెప్పి పోయే మనిషి!

ఆ టవలు నేను ఉతకలేదు. తెల్ల టవలు, ఎర్ర అంచు. స్కూల్లో ఏదో సభలో కప్పితే దాచుకోకుండా ఇట్లా బస్సులకు వాడాడు. దాంట్లో ఆయన తలనూనె, చెమట, ఆయన మెడ వాసన ఉండేవి. ప్లాస్టిక్ కవర్లో చుట్టి బీరువాలో పెట్టుకున్నాను. ఎప్పుడో ఒకసారి కవరు విప్పి మొహానికి పెట్టుకుని, వాసన అయిపోతుందేమోనని భయపడి వెంటనే మూసేసేదాన్ని. ఫోటోలు ఉన్నాయి, కళ్ళజోడు ఉంది, చెప్పులున్నాయి. అవేవీ ఆయన కాదు. ఆ కవర్లో మాత్రం మనిషి ఉన్నాడు.

ఇంకొక సంగతి. ఆయన పోయాడన్న మాట నా నోటితో నేను ఎవరికీ చెప్పలేదు. ఊర్లోవాళ్ళకు చెప్పే పని పడలేదు, వాళ్ళే మోసుకుపోయినవాళ్ళు. తెలియనివాళ్ళు అడిగితే "ఊరికి పోయాడు" అనేదాన్ని. బస్సుల మీద తిరిగే మనిషి కదా, నమ్మేవాళ్ళు.

ఈ ఎండాకాలం సెలవులివ్వగానే బయల్దేరాను. పడమటి సముద్రం చూద్దాం, గోకర్ణం దాకా పోదాం, కర్నూలు మీద రాయచూరు పట్టుకుని అక్కణ్ణుంచి బస్సు బస్సూ మారుతూ అని ఆయన పోయిన ఏడే గీత గీసి పెట్టాడు. ఇంట్లో ఉంటే పిచ్చెక్కేటట్టు ఉంది. సంచీ సర్దుకుంటూ కవరు విప్పి టవలు కూడా పెట్టుకున్నాను. ఆయన్ను ఇంట్లో వదిలిపెట్టి పోతే బాగుండదనిపించింది. సీటు కోసం వేసేదానికి వేరే ఒక పాత చున్నీ పెట్టుకున్నాను, అంత తెలివి ఉండింది నాకు.

కడపలో ఎక్కిన బస్సులో కండక్టరు ఆధార్ చూసి సున్నా టికెట్ ఇచ్చాడు. ఆయన పోయాక కొన్నాళ్ళకే ఆడవాళ్ళకు బస్సు ఫ్రీ అయ్యింది. ఆయన ఉంటే ఎంత కుళ్ళుకునేవాడో! "దానికి ఫ్రీ, నాకు దుడ్లా? మేమిద్దరం ఒకటే కదప్పా" అని ఆ కండక్టరుతో నంద్యాల దాకా పేచీ పెట్టుకునేవాడు. కిటికీలోకి మొహం తిప్పుకుని నవ్వుకున్నాను, ఆ నవ్వు ఎప్పుడు ఏడుపైందో నాకే తెలియలేదు.

కర్నూలు బస్టాండులో ఎండ మండిపోతోంది. మేము ఎప్పుడు ఆ దారిన పోయినా టీ తాగే అంగడి ఒకటుంది. అంగడాయన నన్ను చూసి "ఏమ్మా, సారు యాడ?" అన్నాడు.

"వస్తాండాడు" అన్నాను.

అంగడాయన రెండు గ్లాసులు పోసి పెట్టాడు. నేను రెండూ తాగాను.

అంతలో రాయచూరు బోర్డుతో ఒక బస్సు లోపలికి తిరిగింది. ఎక్కడ ఉన్నారో అంతమంది జనం, మూటలు, గోతాలు, పిల్లలు, ఒక్కసారిగా దాని మీద పడ్డారు. నేనూ పరిగెత్తాను. సంచిలో చెయ్యి పెట్టాను. చున్నీ పైనే ఉంది, చూసి పెట్టుకున్నదే. ఆ తోపులాటలో చేతికి టవలు వచ్చింది. మునివేళ్ళ మీద లేచి కిటికీలోంచి విసిరాను. సరిగ్గా సీటు మీద పడింది. ఆయన చూస్తే శభాష్ అనేవాడు.

తరువాత ఆయన ఏం చేసేవాడో అదే చేశాను. వెనక్కి తిరిగి, డ్రైవర్ని అడిగి చెయ్యి ఎత్తే మనిషి కోసం చూశాను.

ఆ మనిషిని నేనే. ఇన్నేళ్ళూ అడిగింది నేను. ఆయన పని నేను చేసి, నా పని ఎవరో చేస్తారని బొమ్మలా నిలబడ్డాను.

అప్పుడు వెనక ప్లాట్‌ఫారం మీద ఇంకొక బస్సు కండక్టరు "రాయచూరు, రాయచూరు" అని అరిచాడు. ఆ అరుపుకు కాళ్ళు వాటంతట అవే పరిగెత్తాయి. ఆ బస్సు ఎక్కాను, సీటు కూడా దొరికింది. కూర్చుని, ఎప్పుడూ చేసే పనే కదా, టవలు తీసి మడిచేదానికి పక్క సీటు మీద చెయ్యి వేశాను. ఖాళీ సీటు చేతికి తగిలింది. దిగి పరిగెత్తేసరికి టవలు వేసిన మొదటి బస్సు గేటు దాటి పోయింది.

మైకు గదికి పోయి, ఇప్పుడే గేటు దాటిన రాయచూరు బోర్డు బస్సులో నాది ఒకటి ఉండిపోయిందన్నాను. అక్కడున్నాయన తల ఎత్తకుండానే అడిగాడు. "ఏం పోయిందమ్మా? నగలా?"

"టవలు."

"టవలా? బయట అంగట్లో దొరుకుతాది, కొత్తది తీసుకో పో."

"నీ తలకాయ దొరుకుతుందా బయట అంగట్లో?" అన్నాను. నేనే అన్నానా అనిపించింది. ఆయన అప్పుడు తల ఎత్తి నా మొహం చూశాడు. ఏం కనిపించిందో, కోప్పడలేదు. "అది కోసిగి బస్సమ్మా, వచ్చిన ఊరి బోర్డు మార్చలేదంతే, ఊరూరికీ నిలుస్తాది. ఆదోని ఎక్స్‌ప్రెస్ ఉండాది, అదెక్కు. ఎమ్మిగనూరులో దాని కంటే ముందుంటావు" అన్నాడు.

ఈసారి డ్రైవర్ని అడిగే ఎక్కాను. ఇప్పుడు అడిగి ఎవరిని ఉద్ధరించాలి!

దారి పొడుగునా నన్ను నేను తిట్టుకున్నాను, ఆయన్ను ఇంకా ఎక్కువ తిట్టాను. నీ పాటికి నువ్వు హాయిగా పోయావు, నీ పని నాకెందుకు పెట్టావు, ఆ సీటు ఎందుకు, ఆ గోకర్ణం ఎందుకు నాకు అని. కోడుమూరు దాటాక మా బస్సు కోసిగి బస్సును దాటింది. ఫుట్‌బోర్డు మీద మనుషులు వేలాడుతున్నారు. నా ప్రాణం ఉసూరుమంది. అంత జనంలో ఒక టవలు ఎవడికి కావాలి? ఎవడో దాన్ని తీసి మొహం తుడుచుకుని ఉంటాడు. ఎవరి కాళ్ళ కిందో పడి ఉంటుంది. దొరికితే చాలు, నలిగినా, చినిగినా సరే, ఆ వాసన ఉంటే చాలు అని ఎమ్మిగనూరు దాకా దండాలు పెట్టుకున్నాను.

ఎమ్మిగనూరులో దిగి నిలబడ్డాను. కోసిగి బస్సు వచ్చింది. గుంటూరు పక్క మిరపకోతలకు పోయి తిరిగి వస్తున్న కూలీలు అంతా. కూలీ కింద తెచ్చుకున్న మిరపకాయల గోతాలు బస్సులో మనుషుల కంటే ఎక్కువ ఉన్నాయి. కిటికీలోంచి తొంగి చూశాను.

సీటు ఖాళీగా ఉంది. చుట్టూ గాలి దూరే సందు లేకుండా నిలబడి ఉన్నారు, ఒకామె చంకలో బిడ్డ. అంతమంది మధ్య ఆ ఒక్క సీటు ఖాళీ, దాని మీద నేను విసిరినప్పుడు ఎట్లా పడిందో అట్లాగే టవలు. దాని పక్కన నడవలో, మిరపకాయల గోతం మీద ఒక అవ్వ కూలబడి, సీటు అంచుకు తల ఆనించి ఉంది.

మనుషుల్ని తోసుకుంటూ ఎట్లా ఎక్కానో తెలియదు. అవ్వ తల ఎత్తింది.

"నీదేనా తల్లీ టవలు?"

"నాదే అవ్వా."

"కోడుమూరులో ఎక్కుతారేమో అనుకుంటిమి. ఆడ ఎవురూ ఎక్కల్యా. సరే, ఈడ ఎక్కుతారులే అనుకుంటిమి."

"పక్కకు పెట్టి కూర్చోవచ్చు కదా అవ్వా, ఇంత దూరం ఇట్లా..." అన్నాను.

"పెద్దోళ్ళ టవలు మాదిరి ఉండాది. కూచుంటే, మనిషి వచ్చినంక లెయ్ అంటాడు గదమ్మా. లేసేదానికన్నా కింద కూచునేదే మేలు. మేము శానాసార్లు లేసినోళ్ళం."

ఆ మాట అనడంలో కోపం లేదు. అది ఇంకా కష్టంగా అనిపించింది. ఆయన ఎవరినీ లెయ్ అని అనేవాడు కాదవ్వా, ముసలివాళ్ళు కనిపిస్తే తనే లేచి కడప దాకా నిలబడి వచ్చేవాడు అని చెప్పాలనుకున్నాను. టవలు తీసుకుని మొహానికి పెట్టుకున్నాను.

మిరపకాయల ఘాటు. ముక్కుల్లో, కళ్ళల్లో మంట. మళ్ళీ పెట్టుకున్నాను, ఇంకా గట్టిగా పీల్చాను. అదే ఘాటు. అడుగున ఎక్కడో ఉంటాడేమో అని వెతికాను. లేడు. ఆ బస్సులో ఆ ఎండకు, ఆ గోతాల పక్కన, ఆయన పోయాడు. వానాకాలంలో పోయిన మనిషి ఎమ్మిగనూరు బస్టాండులో నాకు మళ్ళీ పోయాడు. ఏడుపు ఆగలేదు. చుట్టూ ఎవరూ ఏమీ అనుకోలేదు, ఆ ఘాటుకు బస్సులో అందరి కళ్ళల్లోనూ నీళ్ళే.

బస్సు స్టార్టయింది. అవ్వ నా చీరె కొంగు పట్టి లాగింది.

"మీ మనిషి యాడుండాడు? బిరీన పిల్సుకో తల్లీ, బస్సు కదుల్తాది."

"రాడవ్వా" అన్నాను. "చనిపోయాడు. వానాకాలంలో చనిపోయాడు మా ఆయన. నువ్వు కూర్చో."

అవ్వ నన్ను చూసింది, సీటును చూసింది. నా చేతిలోంచి టవలు తీసుకుని, రెండు చేతులతో దులిపి, నాలుగు మడతలు పెట్టి మళ్ళీ నా చేతిలోనే పెట్టింది. మోకాళ్ళు పట్టుకుని లేచింది. లేచి కూడా సీటు చివర, పడీపడనట్టు, ఎవరో వచ్చి లెయ్ అంటే వెంటనే లేచేటట్టు కూర్చుంది.

"బాగా కూర్చో అవ్వా" అన్నాను. "ఇంకెవరూ రారు."