పెళ్లిళ్ల దేవుడికి చెప్పిన సవరణ

తైనాన్ నగరంలో పెళ్లిళ్లు కుదిర్చే దేవుడికి కోరిక వివరంగా చెప్పాలి. లేకపోతే ఆయన జంటల్ని కలపడానికి కట్టే ఎర్రదారం ఇంకెవరికో ముడిపడుతుంది. మనవరాలు పేయూన్‌కి మంచి మొగుణ్ణిమ్మని ఏళ్లుగా మొక్కుతున్న అమ్మమ్మ యుయెచిన్‌కి ఆ రోజు అసలు సంగతి తెలిసింది.

"నేను లెస్బియన్‌ని అమ్మమ్మా. నాకు ఆడవాళ్లే నచ్చుతారు," అంది పేయూన్.

"అయితే నువ్వు మగాడివా?"

"కాదు. నేనెవరన్నది ఒకటి, ఎవరు నచ్చుతారన్నది ఇంకొకటి. నేను ఆడదాన్నే!"

మర్నాడు మనవరాలిని వెంటబెట్టుకుని, పంచదార పొట్లంతో గుడికెళ్లి మోకరిల్లింది అమ్మమ్మ.

"సామీ, ఇన్నాళ్లూ తప్పు చెప్పాను. మా పిల్ల ఆడపిల్లే, దానికి కావలసిందీ ఆడపిల్లే. వంటొచ్చినదాన్ని చూడు, దీనికి నీళ్లు కాచడం కూడా రాదు. అర్థమైందా?"

జవాబు కోసం చెక్కబిళ్లలు విసిరింది. ఒకటి బోర్లా, ఒకటి వెల్లకిలా పడ్డాయి. అంటే, సరే.

"నాకంటే నయం, ఒక్కసారికే అర్థం చేసుకున్నాడు," అంటూ పేయూన్ చెయ్యి పట్టుకుని లేచింది.