పుట్ట చుట్టూ నీళ్ళు

మా పెరటి వెనక పొలాన్ని రొయ్యల చెరువుగా తవ్వించిన వేసవి నుంచి నాకు ఒకచోట కూర్చోబుద్ధి కాలేదు. బడి నుంచి రాగానే, హ్యాండ్‌బ్యాగ్ భుజాన ఉండగానే ఇల్లంతా ఓ చుట్టు చుట్టేదాన్ని. గ్యాస్ బండ పక్కన చూసేదాన్ని, బియ్యం బస్తాల వెనక చూసేదాన్ని, పాప బొమ్మల బుట్ట కర్రతో కదిపి చూసేదాన్ని. ఆ తర్వాతే మంచినీళ్ళు. మా ఆయన దీనికి "టీచరమ్మ రౌండ్స్" అని పేరు పెట్టారు. ఒక్కోసారి నవ్వొచ్చేది. నవ్వినందుకు నా మీద నాకే ఒళ్ళు మండేది.

అసలు తవ్వకూడదనే అనుకున్నాం. మాది పాలకొల్లుకి దగ్గర పల్లె. చుట్టుపక్కల వాళ్ళు ఒకరి తర్వాత ఒకరు చెరువులు తవ్వేశారు. వాటి ఉప్పు ఊట మా చేలోకి దిగి వరి ఎర్రబడిపోయేది. కొన్నాళ్ళు ఓపిక పట్టి, చివరికి నలుగురితో పాటు నారాయణా అని మేమూ పొక్లెయిన్‌ని పిలిపించాం.

తూర్పు గట్టు మీద ఓ పాముపుట్ట ఉంది. మా అత్తయ్యగారు కాపురానికి వచ్చినప్పటి నుంచి నాగులచవితికి పాలు పోసేది అందులోనే. పొక్లెయిన్ అటు తిరగగానే ఆవిడ వెళ్ళి అడ్డం నిలబడ్డారు. ఆ అవసరమే లేకపోయింది. డ్రైవరే దిగి, దణ్ణం పెట్టుకుని, "దాని జోలికి నేను పోనండి, చుట్టూ తవ్వేస్తాను" అన్నాడు. అలాగే తవ్వాడు. చెరువు నింపాక పుట్టకి మూడు వైపులా నీళ్ళు, నాలుగో వైపు సన్నటి గట్టు, ఆ గట్టు చివర మా పెరడు. దేవుడికి ఏ లోటూ చెయ్యలేదని అందరం తృప్తిపడ్డాం.

బడి తెరిచాక పిల్లలకి ఆవాసం పాఠం చెప్పాను. ఒకే జాతి జీవులు ఒకచోట ఉంటే జనాభా. అలాంటి జనాభాలు ఒకదాని మీద ఒకటి ఆధారపడి బతికితే సముదాయం. అవి బతికే చోటు ఆవాసం. ఆవాసమంటే పడుకోవడానికి ఓ కన్నం ఉంటే సరిపోదర్రా, తిండీ నీళ్ళూ దాక్కునే చాటూ పిల్లల్ని పెంచుకునే వీలూ అన్నీ ఉండాలి అని బల్ల గుద్ది మరీ చెప్పాను. ఉదాహరణకి వరిచేనే తీసుకున్నాను. గింజల కోసం ఎలుక, పురుగుల కోసం కప్ప, ఆ రెంటి కోసం పాము. పిల్లలు బుద్ధిగా రాసుకున్నారు. ఇంటికొచ్చేసరికి మా అటక మీద ఎలుకలు పరిగెడుతున్నాయి.

మొదట సబ్బు కొరికాయి, తర్వాత పాప యూనిఫాం. గట్ల బొరియలు పోయి, చేలో ధాన్యం పోయాక, అవి ధాన్యం ఉన్న ఇంటికి రాక ఎక్కడికి పోతాయి? వానలు పడ్డా కప్పల అరుపు లేదు, చెరువులో నీళ్ళు చిలికే ఏరేటర్ల హోరే. ఓ సాయంత్రం పాప చేతికి తెల్లటి రిబ్బనేదో చుట్టుకుని వచ్చి, "బాగుందా అమ్మా" అని అడిగింది. తన సైకిల్ కింద దొరికిందట. అది పాము కుబుసం.

"ఎవరినైనా పిలిచి కొట్టించేద్దాం" అన్నారు మా ఆయన.

"పాలు పోసిన చేత్తో కొట్టిస్తావా? పుట్ట వదిలిపెట్టాం కదా, దాని చోటుకి అదే పోతుందిలే" అన్నారు అత్తయ్యగారు.

"పుట్టలో కూర్చుని ఏం తింటుందండీ? రొయ్యల మేతా?" అన్నాను. గొంతు పెరిగిందని నాకే తెలిసింది. పొమ్మనలేక పొగబెట్టడమంటే మేం చేసిందే.

"అయితే ఏం చెయ్యమంటావో నువ్వే చెప్పమ్మాయ్" అన్నారావిడ, కోపం లేకుండానే.

పాలకొల్లులో ఇల్లు అద్దెకి తీసుకుందామన్నాను. చెరువు దగ్గర మనిషి లేకపోతే ఎలా అన్నారు మా ఆయన. కన్నాలకి సిమెంటు పూశాం, పిల్లిని తెచ్చాం. పిల్లి పాలకి మరిగింది, ఎలుకలు ఎలుకల్లాగే ఉన్నాయి. పాపని నేల మీద ఆడుకోనిచ్చేదాన్ని కాదు. మంచం దిగితే చాలు అరిచేదాన్ని.

నాగులచవితికి వీధి వీధంతా మా గట్టు మీదికే వచ్చింది. మిగతా పుట్టలన్నీ చెరువుల్లో కలిసిపోయాయి మరి. తడి జుట్లతో, చలిమిడి పళ్ళేలతో ఆడవాళ్ళు ఒకరి వెనక ఒకరు నిలబడ్డారు. నేనూ పాలు పోసి, పుట్టమన్ను పాప చెవులకి పెట్టి, మా ఇంట్లోంచి వెళ్ళిపో తండ్రీ అని మొక్కుకున్నాను. ఖాళీ పుట్టకి మొక్కుతున్నానని తెలిసీ మొక్కాను.

ఆ తర్వాతి ఆదివారం మధ్యాహ్నం, ఆరేసిన బట్టలు తీసుకుని వసారాలోకి వచ్చాను. పాప చాప మీద నిద్రపోతోంది. మంచం ఇరుకని నానమ్మే పడుకోబెట్టారట. గోడ వారనే, పాప కాళ్ళకి జానెడు దూరంలో నాగుపాము వెళ్తోంది. తొందరేమీ లేదు దానికి. నేను ఉరకబోతే అత్తయ్యగారు నా చెయ్యి పట్టుకుని, "అలికిడి చెయ్యకు" అన్నారు. పాము బియ్యం బస్తాల వెనక్కి దూరేదాకా ఇద్దరం కదల్లేదు. తర్వాత పాపని ఎత్తుకుంటే నిద్ర చెడగొట్టానని నన్ను కొట్టింది.

మా ఆయన ఫోన్ చేస్తే పాలకొల్లు నుంచి పాములు పట్టే ఆయన బండి మీద వచ్చాడు. బస్తాలు జరిపి, కొక్కెంతో దాన్ని లాగి, ప్లాస్టిక్ డ్రమ్ములోకి దింపి మూత బిగించాడు. ఆ మూత మీద అత్తయ్యగారు పసుపు కుంకుమ వేసి దణ్ణం పెట్టుకున్నారు. పాములాయన చేతులు కడుక్కుని వచ్చి, "ఎక్కడ వదలమంటారండీ?" అని అడిగాడు.

అత్తయ్యగారు గట్టు వైపు చెయ్యి ఎత్తబోయి దించేశారు. నేను నాలుగు వైపులా చూశాను. చెరువు, దాని అవతల చెరువు, మధ్య మధ్య మాలాంటి ఇళ్ళు. పాప నా భుజం మీద మళ్ళీ నిద్రలోకి జారింది.

"దూరంగా అండి. ఎక్కడైనా సరే, దూరంగా" అన్నాను.

ఆయన తలూపి, డ్రమ్ముని వెనక సీటుకి కట్టుకుని బయల్దేరాడు. చెరువుల మధ్య రోడ్డు మీద బండి చాలాసేపు కనిపించింది. ఒకచోట ఆగాడు. దిగి అటూ ఇటూ చూశాడు. డ్రమ్ము విప్పకుండానే మళ్ళీ బండెక్కి ముందుకెళ్ళాడు.